ముందు సిగ్నేచర్ రానివ్వండి, ఫ్యూజుల జోలికి తర్వాత వెళ్దాం

ఈసారి మీ ఉత్తరాలు చాలా మటుకు ఒకే విషయం మీద వచ్చాయి, ఇంట్లో సొంతంగా ప్రోగ్రామర్ చేసుకోవడం. ఇక్కడ ప్రోగ్రామర్ అంటే కోడ్ రాసే మనిషి కాదు, రాసిన కోడ్‌ని మైక్రోకంట్రోలర్ చిప్‌లోకి ఎక్కించే చిన్న బోర్డు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి ఒకటిగా వేస్తున్నాం, పెద్ద ఉత్తరాల్ని కుదించాం.

ప్రశ్న: సార్, నేను ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. యూఎస్‌బీఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్ సర్క్యూట్ చూసి ఏటీమెగా8 చిప్, 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, మిగతా సామాను అంతా తెచ్చుకుని సోల్డరింగ్ కూడా చేసేశా. తీరా చూస్తే ఆ ఏటీమెగా8లోకే ముందు ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే కోడ్) ఎక్కించాలట, దానికో ప్రోగ్రామర్ కావాలట. ప్రోగ్రామర్ చేసుకోడానికి ప్రోగ్రామర్ ఎక్కణ్ణుంచి తేవాలి?

జవాబు: విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టే ఉంటుంది ఇది, ప్రతివాళ్ళూ మొదటిసారి ఇక్కడే ఆగుతారు. మీ దగ్గరో, తెలిసినవాళ్ళ దగ్గరో ఆర్డుయినో ఉనో అనే రెడీమేడ్ మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి ఉంటే చాలు, పది నిమిషాలు అరువు తెచ్చుకోండి. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో ఉదాహరణల కింద ఆర్డుయినో ఐఎస్‌పీ అనే స్కెచ్ (ఆర్డుయినో ప్రోగ్రామ్‌ని అలా అంటారు) ఉంటుంది, దాన్ని ఉనోలోకి ఎక్కిస్తే ఆ బోర్డే ప్రోగ్రామర్ అయిపోతుంది. ఇక వైర్లు చూద్దాం, మోసి చిప్‌కి డేటా తీసుకెళ్ళేది, మిసో చిప్ నుంచి తెచ్చేది, ఎస్‌సీకే ఆ రెండిటికీ తాళం వేసే క్లాక్. ఉనో 10వ పిన్ను నుంచి ఏటీమెగా8 రీసెట్‌కి అంటే చిప్ 1వ కాలికి, 11 నుంచి మోసికి అంటే 17వ కాలికి, 12 నుంచి మిసోకి అంటే 18కి, 13 నుంచి ఎస్‌సీకేకి అంటే 19కి. 5 వోల్టులు 7వ కాలికీ 20వ కాలికీ రెండిటికీ ఇవ్వండి, గ్రౌండ్ 8కీ 22కీ రెండిటికీ ఇవ్వండి, చాలామంది 20, 22 వదిలేస్తారు, అలా వదిలితే ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి చేయక పిచ్చెక్కిస్తుంది. రీసెట్ కాలికి 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ పెట్టి 5 వోల్టులకి లాగండి, పవర్ కాళ్ళ పక్కనే 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ ఒకటి పెట్టండి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. స్కెచ్ ఎక్కించాక, ఎక్కించాకే, ఉనో రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి, ప్లస్ కాలు రీసెట్ వైపు. ఎందుకంటే కంప్యూటర్ సీరియల్ పోర్ట్ తెరవగానే ఉనో తనంతట తాను రీసెట్ అయిపోతుంది, అప్పుడు దాని సొంత బూట్‌లోడర్ (కొత్త స్కెచ్‌లు అందుకునే చిన్న ప్రోగ్రామ్) మధ్యలో దూరి మన మాటలకి అడ్డుపడుతుంది. కెపాసిటర్ ఆ రీసెట్‌ని ఆపుతుంది. ముందే పెట్టేస్తే మాత్రం స్కెచ్చే ఎక్కదు, అది కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఏవీఆర్‌డ్యూడ్‌తో, అంటే ప్రోగ్రామర్‌ని నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో, చిప్ సిగ్నేచర్ అంటే ఆ రకం చిప్ గుర్తింపు నంబర్ చదవండి, ఇంకేమీ చేయొద్దు, చదవండి అంతే. ఏటీమెగా8 అయితే 1ఈ 93 07 రావాలి. మూడుసార్లు చదివితే మూడుసార్లూ అదే రావాలి. వచ్చిందా, ఫర్మ్‌వేర్ హెక్స్ ఫైల్ ఎక్కించండి, అది వెరిఫై (రాసింది తిరిగి చదివి సరిచూడటం) అయ్యాక చిట్టచివర ఫ్యూజులు మార్చండి, ఇక్కడ ఫ్యూజులంటే కాలిపోయే తీగలు కావు, చిప్ ఎలా నడవాలో చెప్పే లోపలి సెట్టింగులు. యూఎస్‌బీఏఎస్‌పీ తయారుచేసిన థామస్ ఫిష్ల్ ఏటీమెగా8కి ఇచ్చిన విలువలు లో ఫ్యూజ్ ఈఎఫ్, హై ఫ్యూజ్ సీ9. ఈ క్రమం మాత్రం తిప్పకండి. ఫ్యూజ్ మారిన క్షణం నుంచి ఆ చిప్ తనని నడిపే క్లాక్ కోసం బయటి క్రిస్టల్ వైపు చూస్తుంది, బ్రెడ్‌బోర్డ్ మీద క్రిస్టల్ లేకపోతే ఇక పలకదు. కాబట్టి ఫ్యూజులకి ముందే 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ 9, 10 కాళ్ళకి పెట్టి, రెండు వైపులా గ్రౌండ్‌కి 22 పికోఫారడ్ కెపాసిటర్లు పెట్టేసుకోండి.

ప్రశ్న: ఉనోతోనే ప్రయత్నిస్తున్నాను. ఒకసారి "నాట్ ఇన్ సింక్" అంటుంది, ఒకసారి సిగ్నేచర్ అన్నీ సున్నాలు అంటుంది, ఇంకోసారి అన్నీ ఎఫ్‌లు. స్నేహితుడి యూఎస్‌బీఏఎస్‌పీ పెడితే "టార్గెట్ డజంట్ ఆన్సర్" అంటుంది. చిప్ పోయినట్టేనా?

జవాబు: చిప్ పోయిందని అంత తొందరగా అనుకోకండి, నిజంగా చిప్ పోయిన కేసులు చాలా తక్కువ, వైర్ తప్పులే ఎక్కువ. మీరు రాసిన మాటలు వేర్వేరు చోట్ల తప్పుని చెప్తున్నాయి, అది విడదీసుకుంటే సగం పని అయిపోయినట్టే.

"నాట్ ఇన్ సింక్" అంటే కంప్యూటర్‌కీ ఉనోకీ మధ్యే మాట కుదరలేదు, మీ ఏటీమెగా దాకా విషయం వెళ్ళనే లేదు. పోర్ట్ నంబర్ తప్పు, స్పీడ్ తప్పు (ఈ స్కెచ్‌కి 19200 ఉండాలి), లేదా పైన చెప్పిన 10 మైక్రోఫారడ్ లేదు. టార్గెట్ చిప్ (కోడ్ ఎక్కించాల్సిన చిప్) వైర్లు ఎంత కదిపినా ఈ ఎర్రర్ పోదు, అక్కడ టైం పెట్టకండి.

సున్నాలు, ఎఫ్‌లు వచ్చాయంటే మాత్రం ఉనో బాగానే ఉంది, చిప్ నుంచి జవాబే రావట్లేదు. అసలు లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చూద్దాం. ప్రోగ్రామర్ ముందు రీసెట్‌ని కిందకి అంటే 0 వోల్టులకి లాగుతుంది, కనీసం 20 మిల్లీసెకన్లు ఆగుతుంది, తర్వాత నాలుగు బైట్లు పంపుతుంది, హెక్స్‌లో ఏసీ, 53, 00, 00. మూడో బైట్ వెళ్తుండగా చిప్ మిసో మీద ఆ 53నే తిరిగి పంపాలి. "నువ్వు అన్నది విన్నాను" అని చిప్ చెప్పే మొదటి మాట అది. యూఎస్‌బీఏఎస్‌పీ ఆ 53 కోసం చూస్తుంది, రాకపోతే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి చివరికి టార్గెట్ పలకట్లేదని చెప్పేస్తుంది. ఉనో స్కెచ్ అంత పట్టించుకోదు, 53 రాకపోయినా ముందుకెళ్ళి సిగ్నేచర్ అడిగేస్తుంది, అప్పుడు మిసో వైర్ 0 వోల్టుల దగ్గర ఉంటే సున్నాలు, 5 దగ్గర ఉంటే ఎఫ్‌లు కనిపిస్తాయి. అంటే ఆ సున్నాలు చిప్ చెప్పినవి కావు, ఖాళీ వైర్ మీద చదివినవి.

ఇక వెతకడం ఎలాగంటే, మల్టీమీటర్ తీసుకుని వోల్టేజ్ చిప్ కాళ్ళ మీదే పెట్టి చూడండి, బ్రెడ్‌బోర్డ్ పట్టీ మీద కాదు, 7వ కాలికీ 8వ కాలికీ మధ్య. ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, నేను మొదట చేసుకున్న ప్రోగ్రామర్‌కి ఆరు పిన్నుల కనెక్టర్ పెట్టాను, సోల్డర్ చేసేది బోర్డు కింద వైపు కదా, పై నుంచి గీసిన బొమ్మ చూస్తూ కింద నుంచి వైర్లు అతికాను. అంతా అద్దంలో చూసినట్టు తిరగబడిపోయింది. మిసో ఉండాల్సిన చోట 5 వోల్టులు, రీసెట్ ఉండాల్సిన చోట గ్రౌండ్. విచిత్రం ఏంటంటే టార్గెట్ బోర్డు మీద ఎల్ఈడీ వెలిగింది, కొంచెం మసగ్గా, అందుకే పవర్ సరిగ్గానే ఉందనుకుని రెండు రాత్రులు సాఫ్ట్‌వేర్ వైపే వెతికాను. మూడో రోజు మీటర్ చిప్ కాళ్ళ మీద పెడితే 5 ఉండాల్సిన చోట 4 పైచిలుకు. మిసో కాలిలోంచి చిప్ లోపలి ప్రొటెక్షన్ డయోడ్ గుండా కరెంట్ దొడ్డిదారిన వెళ్తోంది. అప్పట్నుంచి ఆరు పిన్నుల కనెక్టర్ ఎప్పుడు పెట్టినా పై నుంచి చూస్తూ చదువుకుంటాను, 1 మిసో, 2 వీసీసీ అంటే 5 వోల్టులు, 3 ఎస్‌సీకే, 4 మోసి, 5 రీసెట్, 6 గ్రౌండ్, ప్రతిదీ కంటిన్యుటీలో బీప్ వినే దాకా కేబుల్ పెట్టను.

వోల్టేజ్ సరిగ్గా ఉంటే తర్వాత నాలుగు సిగ్నల్ వైర్లూ ప్రోగ్రామర్ పిన్ను నుంచి చిప్ కాలి దాకా బీప్ చూడండి. మోసి మోసికే, మిసో మిసోకే వెళ్తాయి, సీరియల్‌లో టీఎక్స్, ఆర్‌ఎక్స్ అడ్డంగా మార్చినట్టు ఇక్కడ మార్చకూడదు, ఈ అలవాటు వల్ల తప్పు చేసేవాళ్ళు చాలామంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే స్పీడ్ తగ్గించండి, దాని గురించి కింద ఇంకో ఉత్తరంలో ఉంది.

ప్రశ్న: కొత్త చిప్ పెడితే యూఎస్‌బీఏఎస్‌పీ చదవట్లేదు, ఇంతకు ముందు వాడిన చిప్ పెడితే చక్కగా చదువుతోంది. కొత్తవి నకిలీవా?

జవాబు: కాకపోవచ్చు. ఏటీమెగా8, ఏటీమెగా328పి లాంటివి ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు 1 మెగాహెర్ట్జ్ లోపలి క్లాక్ మీద నడుస్తాయి. ఎస్‌సీకే స్పీడ్ చిప్ క్లాక్‌లో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి, అంటే 250 కిలోహెర్ట్జ్ లోపు. యూఎస్‌బీఏఎస్‌పీ మామూలుగా 375 దగ్గర నడుపుతుంది, కొత్త చిప్ ఆ వేగాన్ని అందుకోలేదు. పాత చిప్‌కి మీరు క్రిస్టల్ ఫ్యూజ్ పెట్టి ఉంటారు, అందుకే దానికి ఇబ్బంది లేదు. బోర్డు మీద స్లో ఎస్‌సీకే అని మూడో జంపర్ ఉంటుంది, అది పెడితే సుమారు 8 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది, లేదా ఏవీఆర్‌డ్యూడ్‌లో మైనస్ పెద్ద బీ పెట్టి 10 అని ఇవ్వండి, 100 కిలోహెర్ట్జ్ లోపే ఉంటుంది.

ప్రశ్న: ఉనో సాయంతో ఫర్మ్‌వేర్ ఎక్కించి చిప్‌ని నా సొంత బోర్డులో పెట్టాను. కంప్యూటర్‌కి పెట్టగానే శబ్దం వస్తుంది, కానీ "ఈ పరికరాన్ని గుర్తించలేదు" అంటుంది. శబ్దం వచ్చిందంటే చిప్ పనిచేస్తున్నట్టే కదా?

జవాబు: ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక పని చేయండి, ఏటీమెగా8ని ఐసీ బేస్ నుంచి తీసేసి ఖాళీ బోర్డుని కంప్యూటర్‌కి పెట్టండి. అప్పుడు కూడా అదే శబ్దం, అదే మెసేజ్ వస్తుంది. ఎందుకంటే యూఎస్‌బీలో డేటా వెళ్ళే వైర్లు రెండు, డీ ప్లస్, డీ మైనస్, అందులో డీ మైనస్ వైర్‌ని 5 వోల్టులకి లాగే ఒక రెసిస్టర్ ఉంది చూడండి, 2.2 కిలో ఓమ్స్, ఎవరో వచ్చారని కంప్యూటర్‌కి తెలిసేది ఆ రెసిస్టర్ వల్లే. అది డీ మైనస్ మీద ఉంటే స్లో పరికరం అని అర్థం, పొరపాటున డీ ప్లస్ మీద పెడితే ఫాస్ట్ పరికరం అనుకుని కంప్యూటర్ వేరే వేగంతో మాట్లాడుతుంది, ఇక ఎప్పటికీ కలవరు. కాబట్టి మొదట అది ఏ వైర్ మీద ఉందో చూడండి. కేబుల్‌లో మామూలుగా తెల్లది డీ మైనస్, పచ్చది డీ ప్లస్, కానీ కోసి వాడే కేబుళ్ళలో రంగులు అన్నిట్లో ఒకేలా ఉండవు, మీటర్‌తో చూసుకోండి.

తర్వాత జీనర్లు, అంటే వోల్టేజ్ ఒక హద్దు దాటకుండా ఆపే డయోడ్లు. ఏటీమెగా8లో యూఎస్‌బీ హార్డ్‌వేరే లేదు, వీ-యూఎస్‌బీ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌తోనే ఒక్కో బిట్‌నీ లెక్కపెట్టి సెకనుకి 15 లక్షల బిట్ల వేగం మీద మాట్లాడిస్తుంది. నాకు ఈ ప్రాజెక్ట్ అంటే ఇంత ఇష్టం కావడానికి కారణం అదే, ఒక మామూలు 8 బిట్ చిప్ దానికి లేని విద్యని కేవలం టైమింగ్‌తో నేర్చుకుంది. కానీ అంత సున్నితంగా నడిచేది కాబట్టి సిగ్నల్ అంచులు పదునుగా ఉండాలి. చిప్ 5 వోల్టులది, యూఎస్‌బీ సిగ్నల్ 3.6 దాటకూడదు, అందుకే రెండు వైర్లకీ 3.6 వోల్టుల జీనర్లు. ఇవి అర వాట్ లేదా అంతకంటే చిన్నవి పెట్టాలి. ఒక వాట్ జీనర్ గట్టిగా ఉంటుంది కదా అని పెడితే దాని కెపాసిటెన్స్ ఎక్కువ, అంచులు మొద్దుబారిపోతాయి, అచ్చం మీరు చెప్పిన లక్షణమే వస్తుంది. మీరు ఏ జీనర్ పెట్టారో రాయలేదు, ఒకసారి చూసుకోండి.

ఇంకొకటి, డీ ప్లస్ వైర్ చిప్‌లో రెండు కాళ్ళకి వెళ్ళాలి, 15కి ఒకటి, ఇంటరప్ట్ కోసం 4కి ఒకటి. సొంతంగా బోర్డు గీసుకునేవాళ్ళు ఆ 4వ కాలి వైర్ మర్చిపోతుంటారు, అది లేకపోతే చిప్‌కి డేటా వచ్చిందని కూడా తెలీదు. డీ మైనస్ 14కి. రెండిట్లోనూ 68 ఓమ్స్ రెసిస్టర్లు సీరీస్‌లో.

ఇవన్నీ సరిగ్గా ఉంటే చివరగా ఫ్యూజ్. ఫర్మ్‌వేర్ ఎక్కించి ఫ్యూజ్ మార్చడం మర్చిపోతే చిప్ ఇంకా 1 మెగాహెర్ట్జ్ మీదే నడుస్తుంటుంది, యూఎస్‌బీ మాట్లాడే సమస్యే లేదు. అలాగే 12 బదులు 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టినా అంతే, హెక్స్ ఫైల్ 12కి కంపైల్ చేసింది. గుర్తింపు కుదిరాక లైనక్స్‌లో 16సీ0, 05డీసీ అనే నంబర్ల జత కనిపిస్తుంది. కనిపిస్తున్నా ఏవీఆర్‌డ్యూడ్ అనుమతి లేదంటే బోర్డు తప్పు కాదు, ఆ నంబర్లకి ఒక యూడెవ్ రూల్ (ఆ పరికరాన్ని వాడుకోడానికి లైనక్స్‌లో అనుమతి ఇచ్చే చిన్న ఫైల్) రాసుకోవాలి. విండోస్‌లో అయితే జాడిగ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో లిబ్‌యూఎస్‌బీ డ్రైవర్ పెట్టుకోండి.

ప్రశ్న: నా ఏటీమెగా328పికి ఇంకోచోట చూసిన ఫ్యూజ్ నంబర్లు పెట్టాను, అప్పట్నుంచి చిప్ కనిపించట్లేదు. బయటపడే దారి ఉందా?

జవాబు: చాలావరకు ఉంది. ఫ్యూజుల్లో ముందుగా తెలుసుకోవాల్సింది, సున్నా అంటే ఆన్, ఒకటి అంటే ఆఫ్, మామూలు అలవాటుకి రివర్స్. రెండోది, ఒక చిప్ నంబర్ ఇంకో చిప్‌కి పనికిరాదు. పైన ఏటీమెగా8కి హై ఫ్యూజ్ సీ9 అని చెప్పాను కదా, ఫ్యాక్టరీ విలువ డీ9, రెండిటికీ తేడా ఒక్కటే బిట్, నాలుగో బిట్, ఏటీమెగా8లో అది క్రిస్టల్‌ని గట్టిగా ఊపే ఆప్షన్. అదే సీ9 మీ 328పిలో పెడితే ఆ నాలుగో బిట్ వాచ్‌డాగ్‌ని (కోడ్ మధ్యమధ్యలో పలకరించకపోతే చిప్‌ని రీసెట్ చేసే టైమర్) శాశ్వతంగా ఆన్ చేసే బిట్, కోడ్ దాన్ని పట్టించుకోకపోతే మాటిమాటికీ రీసెట్ అవుతూనే ఉంటుంది. అంకె ఒకటే, అర్థం వేరు. అందుకే నంబర్ చూసి కాపీ కొట్టకుండా డేటాషీట్‌లో ఫ్యూజుల పట్టిక తెరిచి బిట్ బిట్‌గా చదవమంటాను, పావుగంట పని.

మీది ఎక్కువగా క్లాక్ ఫ్యూజ్ సమస్యే అయి ఉంటుంది. చిప్‌కి బయటి క్రిస్టల్ లేదా బయటి క్లాక్ కావాలని చెప్పేశారు, అది దొరక్క ఊపిరాడక కూర్చుంది. ముందు 9, 10 కాళ్ళకి ఒక క్రిస్టల్ పెట్టి స్లోగా చదివి చూడండి. అప్పటికీ రాకపోతే క్రిస్టల్ తీసేసి ఇంకో ఆర్డుయినోతో 1 మెగాహెర్ట్జ్ చదరపు తరంగం పుట్టించి 9వ కాలికి ఇవ్వండి, ఉనోలో టైమర్ 1ని సీటీసీ మోడ్‌లో ప్రీస్కేలర్ లేకుండా టాగిల్‌కి పెట్టి, కంపేర్ విలువ 7 ఇస్తే 9వ పిన్ను మీద సరిగ్గా అదే వస్తుంది. రెండు బోర్డుల గ్రౌండ్‌లు కలపడం మర్చిపోవద్దు. అలా బయటి నుంచి క్లాక్ ఇస్తూ సిగ్నేచర్ చదవండి, 1ఈ 95 0ఎఫ్ రావాలి, వచ్చాక ఫ్యాక్టరీ విలువలు, లో 62, హై డీ9, ఎక్స్‌టెండెడ్ ఎఫ్ఎఫ్, తిరిగి రాసేయండి. 0ఎఫ్ బదులు 14 వస్తే మీ దగ్గరున్నది పి లేని ఏటీమెగా328, పేరు సరిచేసి మళ్ళీ నడపండి. సిగ్నేచర్ కుదరకపోయినా బలవంతంగా రాసే ఆప్షన్ ఒకటి ఉంది, దాన్ని దయచేసి వాడకండి, వైర్ తప్పుగా ఉన్నప్పుడు చెత్త విలువ ఫ్యూజుల్లోకి వెళ్ళేది ఆ దారినే.

రీసెట్ కాలిని మామూలు పిన్నుగా మార్చే ఫ్యూజ్ పెట్టేసి ఉంటే మాత్రం ఇలా కుదరదు, ప్రోగ్రామర్ తలుపు తట్టేదే రీసెట్ మీద. అప్పుడు రీసెట్ కాలికి 12 వోల్టులు ఇచ్చే హై వోల్టేజ్ పద్ధతి ఒక్కటే దారి. ఏటీటైనీ85 లాంటి ఎనిమిది కాళ్ళ చిప్‌కి అది ఒక ఆర్డుయినో, ఒక ట్రాన్సిస్టర్, 12 వోల్టుల సప్లయ్‌తో ఇంట్లో చేసేయొచ్చు, మీ 328పికి మాత్రం ప్యారలల్‌గా బోలెడు వైర్లు పెట్టాలి, ఒక్క చిప్ కోసం అంత అవసరం లేదు, కొత్త చిప్ పెట్టుకోండి.

ప్రశ్న: పాత పుస్తకంలో సీరియల్ పోర్ట్‌కి పెట్టే పిక్ (ఇంకో రకం మైక్రోకంట్రోలర్) ప్రోగ్రామర్ సర్క్యూట్ ఉంది, రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు డయోడ్లు, అంతే. నా ల్యాప్‌టాప్‌కి ఆ పోర్ట్ లేదు, యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌తో పెడితే పనిచేయట్లేదు.

జవాబు: పనిచేయదండీ, దాని మీద ఇంక కష్టపడకండి. ఆ సర్క్యూట్ పవర్ కూడా సీరియల్ పోర్ట్ వైర్ల నుంచే లాక్కుంటుంది, పిక్ 16ఎఫ్84ఏ లాంటి వాటికి ప్రోగ్రామింగ్ కోసం సుమారు 13 వోల్టులు కావాలి, పాత డెస్క్‌టాప్ పోర్ట్‌లు ప్లస్ మైనస్ 12 దాకా ఇచ్చేవి కాబట్టి ఎలాగోలా సరిపోయేది. మీ కేబుల్ అందులో సగం ఇచ్చినా గొప్పే. పైగా ఆ పద్ధతిలో పోర్ట్ కంట్రోల్ వైర్లని ఒక్కొక్కటిగా పైకీ కిందకీ ఆడిస్తారు, యూఎస్‌బీ మీద ఒక్కో కదలికకీ మిల్లీసెకను లెక్కన పడుతుంది, వోల్టేజ్ సరిపోయినా చాలా సేపు పడుతుంది. 16ఎఫ్628ఏ లాంటి చిప్ ఉంటే అందులో తక్కువ వోల్టేజ్ ప్రోగ్రామింగ్ ఉంది, ఫ్యాక్టరీ నుంచి ఆన్‌లోనే వస్తుంది, ఆర్డుయినో 5 వోల్టులతోనే ఎక్కించుకోవచ్చు. 84ఏకి ఆ సౌకర్యం లేదు. పిక్‌లు ఎక్కువ వాడేవాళ్ళైతే సర్క్యూట్ బహిరంగంగా ఇచ్చిన పిక్‌కిట్ 2 చేసుకోవడమే నయం, 13 వోల్టులు అది యూఎస్‌బీ 5 వోల్టుల నుంచే పెంచుకుంటుంది.

ప్రశ్న: యూఎస్‌బీఏఎస్‌పీతో 8051 రకం మైక్రోకంట్రోలర్ చిప్‌లకి కూడా కోడ్ ఎక్కించొచ్చా? నా దగ్గర 89సీ51, 89ఎస్52 రెండూ ఉన్నాయి.

జవాబు: 89సీ51కి కుదరదు, దానికి నాలుగు వైర్ల పద్ధతే లేదు, 12 వోల్టులతో ప్యారలల్‌గానే. 89ఎస్52కి కుదురుతుంది, పోర్ట్ 1లో 5, 6, 7 పిన్నులు మోసి, మిసో, ఎస్‌సీకే. మొదటి మాట కూడా అదే, ఏసీ, 53. కానీ రెండు తేడాలు, దీని రీసెట్ పైకి లాగితే పనిచేస్తుంది, ఏవీఆర్‌కి (ఏటీమెగా, ఏటీటైనీల కుటుంబం పేరు) కిందకి, ఇది 53 బదులు 69 అని జవాబిస్తుంది. అందుకని మామూలు ఫర్మ్‌వేర్‌తో రాదు, 89ఎస్ చిప్‌ల కోసం మార్చిన ఫర్మ్‌వేర్ పెట్టుకోవాలి.

ప్రశ్న: నా టార్గెట్ బోర్డు మీద 3.3 వోల్టుల రేడియో మాడ్యూల్ ఉంది, ప్రోగ్రామర్ పెట్టిన ప్రతిసారీ వెరిఫై ఫెయిల్ అవుతోంది. మాడ్యూల్ తీసేస్తే బాగానే ఎక్కుతోంది.

జవాబు: ముందు కేబుల్ తీసేయండి, తర్వాత చదవండి. ప్రోగ్రామర్ 5 వోల్టులు ఇస్తూ ఉంటే మీ మాడ్యూల్ ఇంకా బతికి ఉండటం అదృష్టం, ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 లాంటివాటికి సప్లయ్ 3.6 దాటకూడదు. పవర్ జంపర్ తీసేసి టార్గెట్‌కి దాని సొంత 3.3 ఇవ్వండి. కొన్ని బోర్డుల మీద 3.3, 5 అని మార్చుకునే జంపర్ ఉంటుంది, చాలావాటిలో అది పవర్ పిన్నుని మాత్రమే మారుస్తుంది, సిగ్నల్ వైర్లు ఇంకా 5 వోల్టుల మీదే ఊగుతాయి. మోసి, ఎస్‌సీకే, రీసెట్ మూడింటినీ 3.3 మీద నడిచే 74ఎల్‌వీసీ125 లాంటి బఫర్ గుండా పంపండి, దాని ఇన్‌పుట్‌లు 5ని తట్టుకుంటాయి.

వెరిఫై సంగతికొస్తే, చిప్ రీసెట్‌లో ఉన్నప్పుడు దాని పిన్నులన్నీ గాలిలో వేలాడుతుంటాయి, మాడ్యూల్ చిప్ సెలెక్ట్ (మాడ్యూల్‌ని మాట్లాడమని పిలిచే వైర్) కూడా వాటిలో ఒకటే. అది కిందకి జారితే మాడ్యూల్ తననే పిలిచారనుకుని మిసో మీద మాట్లాడేస్తుంది, ఒకే వైర్ మీద రెండు చిప్‌లు ఒకేసారి. చిప్ సెలెక్ట్‌కి 10 కిలో ఓమ్స్ పెట్టి 3.3కి లాగండి, మాడ్యూల్ తీయక్కర్లేకుండానే ఎక్కుతుంది.